ముప్పావు డయాప్టరు తేడా

ఆ రోజుల్లో యంత్రం తప్పు చెప్పిందంటే వెంటనే నమ్మేవాణ్ణి. నేను తప్పు చూశానంటే మాత్రం ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త తెల్లకోటు, జేబులో చిన్న టార్చి లైటు, చదివిన నాలుగు పుస్తకాలు. వీటన్నిటి మధ్య మనిషికి తన మీద తనకు అనుమానం రావడానికి చోటెక్కడుంటుంది? కంటి పరీక్షల చదువులో చివరి ఏడాది శిక్షణ కోసం సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, ఊరి బయట జోల్వాలో మా మేనమామ ఇంట్లో దిగాను. మామ అక్కడి కార్ఖానాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరల గుడ్డ నేసేవాడు. నా ఆసుపత్రేమో కడోదరాలో. రోజూ షేర్ ఆటోలో, ముగ్గురి సీట్లో అయిదోవాడిగా ఇరుక్కుని, తెల్లకోటు నలగకుండా తలపైకెత్తి పట్టుకుని వెళ్లేవాణ్ణి. (ఆ కోటు మీద ఉన్న శ్రద్ధలో సగం చదువు మీద ఉండి ఉంటే ఇప్పుడు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.)

శిక్షణ పూర్తయిందనిపించుకోవాలంటే ఒక ప్రాజెక్టు చేయాలి. దాని మీద ఆసుపత్రి పెద్దసార్ సంతకం పెడితేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ వస్తేనే అదే ఆసుపత్రిలో నాకిస్తామన్న ఉద్యోగం. లేదంటే ఆరు నెలలు ఆగి మళ్లీ మొదటికి రావాలి. ఆయన నాకు అప్పగించిన పని, నల్లగుడ్డు మీద గాజులా ఉండే కార్నియా వంపును కొలిచే మూడు యంత్రాలను పోల్చి చూడడం. ఒకటి బటన్ నొక్కితే చీటీ మీద అంకెలు ఇచ్చేది. రెండోది ఇంకా కొత్తది, కంటి వంపంతా రంగుల పటంగా గీసి చూపిస్తుంది. మూడోది చేత్తో తిప్పే పాత కెరటోమీటర్. దాని గొట్టంలోంచి చూస్తూ, ఎదుటి మనిషి కంటి మీద మెరిసే వలయాల పక్కనున్న కూడిక గుర్తులు రెండూ కలిసేదాకా మర తిప్పి అంకె చదువుకోవాలి. శుక్లాల ఆపరేషన్లో కంట్లో పెట్టే లెన్సు పవర్ ఈ అంకెల మీదే లెక్కకడతారు.

ఆ పాత యంత్రం కాకాది. అంటే ఆసుపత్రిదే, కానీ ముప్పై ఏళ్లుగా దాని ముందు కూర్చున్న గుజరాతీ పెద్దాయన కాకా కాబట్టి దాన్ని అందరూ కాకా మిషన్ అనేవాళ్లు. ఆయన పొద్దున రాగానే దాని ముందు కూర్చుని, తన కన్ను ఆనించే అద్దాన్ని పూర్తిగా బయటికి తిప్పి, కాసేపు కిటికీలోంచి దూరంగా చూసి, మళ్లీ గొట్టంలోకి చూస్తూ దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఒకచోట ఆగి, తృప్తిగా తలూపేవాడు. అగరుబత్తి ఒక్కటే తక్కువ. పాతకాలం మనిషి, పని మొదలుపెట్టే ముందు పూజలాంటిదేదో చేసుకుంటున్నాడులే అనుకుని నవ్వుకునేవాణ్ణి. ఒంటిగంటకు ఆయన ఇంటికి వెళ్లాక ఆ కుర్చీ నాది.

కొలవడానికి అరవై మంది కావాలి. ఆ బాధ్యత మామ నెత్తిన వేసుకున్నాడు. "ఎన్ని కండ్లు గావాలె అల్లుడా? మా కార్ఖానాలనే గంపెడున్నయ్" అని, సాంచాలు బంద్ ఉన్న ఆదివారాలు మూడు వరుసగా మన తెలుగువాళ్లను టెంపోలో ఎక్కించి తెచ్చాడు. వారానికి ఉన్న ఒక్క సెలవూ నాకిచ్చి, తలస్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చారు పాపం. "జర చూసి చెప్పు బిడ్డా, ఈ లైటు కండ్లకెల్లి లోపటికి పోయి ఆడ్నే ఉంటదా?" అని మామ పక్కింటి పెద్దమ్మ అడిగితే, ఉండదని చెప్పడానికి పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఆమె మధ్యలోనే కళ్లు మూసేసుకుంది.

మూడో ఆదివారం సాయంత్రం అంకెలన్నీ పక్కపక్కన రాసి చూశాను. కొత్త యంత్రాలు రెండూ ఒకే మాట చెబుతున్నాయి. కాకా మిషన్ మాత్రం ప్రతి కంటికీ దాదాపు ముప్పావు డయాప్టరు, అంటే కళ్లద్దాల పవర్లో ముప్పావు నంబరు, తేడా చూపిస్తోంది. అందరికీ ఒకే వైపు! ముప్పై ఏళ్లుగా ఎవరూ కనిపెట్టనిది నేను కనిపెట్టాను. నలభై పేజీల నివేదిక రాసి, చివర "ఈ యంత్రాన్ని తక్షణం తొలగించాలి" అన్న వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాను. సంతకానికి గడువు సోమవారం. నేను గురువారమే వెళ్లి పెద్దసార్ బల్ల మీద పెట్టాను. ఆయన చదివి కాకాను పిలిచారు. కాకా మమ్మల్ని తన గదికి తీసుకెళ్లి, సొరుగులోంచి ఒక ఉక్కు గోలీ తీసి యంత్రం ముందు బిగించాడు. దాని వంపు ఎంతో ముందే తెలుసు, డబ్బా మీద రాసే ఉంటుంది. "కొలువు బేటా" అన్నాడు హిందీలో. కొలిచాను. ముప్పావు తేడా. "చూశారా సార్!" అని దాదాపు కేకేశాను.

కాకా నన్ను లేపి తాను కూర్చున్నాడు. కొలిచాడు. గోలీ డబ్బా మీద ఉన్న అంకె అచ్చంగా వచ్చింది. "ఈ అద్దం తిప్పుకున్నావా?" అని అడిగాడు. "ఎందుకు?" అన్నాను. ఆ ఒక్క మాటతో నా బతుకు బజారున పడింది. గొట్టంలో కనిపించే నల్ల గీతలు ఎవరి కంటికి వాళ్లకు స్పష్టంగా కనబడేలా ఆ అద్దాన్ని ముందు సర్దుకోవాలి, లేకపోతే ప్రతి కొలతా తప్పుతుంది. ఇది నాకు తెలియక కాదు. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా వస్తే అయిదుకు అయిదు తెచ్చుకున్నాను కూడా. కాలేజీలో మాత్రం ఆ పని ఎప్పుడూ మేడమే చేసిపెట్టేది. అరవై మంది కళ్లనూ నేను కాకా కంటికి సర్దిన యంత్రంలోంచి చూశానన్నమాట! నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది, అది కూడా తెల్లకోటుతో సహా.

"సోమవారం లోపల అరవై మందినీ మళ్లీ కొలిచి తీసుకురా" అన్నారు పెద్దసార్. ఆ సాయంత్రం మామకు చెప్పాల్సి వచ్చింది. అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను. "ఏందిరా, ఎవలన్న సచ్చిన్రా?" అని అత్త భయపడింది. విషయం విని మామ గోడ మీద క్యాలెండర్ చూశాడు. "మల్ల అరవై మందా? గీ ఆదివారం బార్డోలీల లగ్గం ఉన్నదిరా. సగం కార్ఖానా ఆడికే పోతది" అన్నాడు.

పోయింది కూడా. ఆదివారం నలభై ఒక్క మంది వచ్చారు. పెళ్లికి పోవలసిన పెద్దమ్మ నాకోసం ఆగిపోయి, "మొన్న సరిగనే ఉన్నయంటివి గద బిడ్డా, మా కండ్లు మల్ల వంకరపోయినయా?" అని కంగారుగా అడిగింది. "కాదు పెద్దమ్మా, వంకర నాది" అన్నాను. ఆ అద్దాన్ని ఒకటికి పదిసార్లు తిప్పి చూసుకుంటూ సాయంత్రం దాకా కొలిచాను. మూడు యంత్రాలూ ఒకే మాట చెప్పాయి. నా మహా పరిశోధన నా కళ్లముందే మాయమైంది. మిగిలిన పంతొమ్మిది మంది కోసం యంత్రాన్ని బార్డోలీ పెళ్లి పందిరికి మోసుకుపోదామని కూడా అన్నాను. ఆ మాట వినగానే కాకా దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, నేను అన్నంత పనీ చేస్తానని.

సోమవారం నాలుగు పేజీలు పట్టుకెళ్లాను. పెద్దసార్ లెక్కపెట్టారు. "నలభై ఒకటి" అన్నారు. బతిమాలాను. సిగ్గు విడిచి ఆయన బల్ల పట్టుకుని బతిమాలాను. ఆయన కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. "నీ పాత అంకెలతో ఆ అరవై మందిలో ఒక్కరికి లెన్సు వేసి ఉంటే? వాళ్లు రేపు తెగిన దారం ఎలా చూసుకునేవాళ్లు?" అని అడిగారు. ఆయన కలం మూత పెట్టేశారు. ఆరు నెలలు పోయాయి. ఇస్తామన్న ఉద్యోగం వల్సాడ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి వెళ్లింది. కడోదరా చౌరస్తాలో ఆటో కోసం నిలబడి, లారీల దుమ్ములో, తెల్లకోటును గుడ్డపేలికలా చుట్టి చంకలో పెట్టుకుని ఏడ్చాను. నాకు ఇక జీవితమే లేదని నిజంగా అనుకున్నాను.

జీవితం ఉంది. ఏడాది తిరిగాక అదే ఆసుపత్రిలో ఇంకో ఉద్యోగం దొరికింది, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అయితే ఒక సంగతి మీకు చెప్పాలి. ఆరు నెలలు ఎందుకు పోయాయని సిరిసిల్ల నుంచి అమ్మ ఫోన్లో అడిగినప్పుడు, మిషన్ ఖరాబైందని చెప్పాను. ఇన్నేళ్లయినా ఆమె మరిచిపోలేదు. మొన్న కూడా, "నా కొడుకు బతుకుల ఆరు నెలలు తిన్న ఆ పాడు మిషన్‌ను తీసి పారేసిన్రా లేదా?" అని అడిగింది. "తీసేశారమ్మా, ఇంక లేదు" అన్నాను, దాని ముందే కూర్చుని.