వరలక్ష్మికి రెండు రోజుల సెలవు

వరలక్ష్మి ఊరికే కూర్చోగా చూసినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. టీవీ ముందు కూర్చున్నా చేతిలో చిక్కుడుకాయలో గోంగూర కట్టో ఉండాలి. పక్కింటావిడతో గోడ మీదుగా కబుర్లు చెబుతున్నా ఒక చెయ్యి దండెం మీది బట్టలు సర్దుతూనే ఉంటుంది. తెనాలి దగ్గర పల్లె నుంచి కాపురానికి వచ్చి మొదట మైలార్‌దేవ్‌పల్లిలో రెండు గదుల అద్దెవాటాలో, తర్వాత శంషాబాద్‌లో కట్టుకున్న సొంత ఇంట్లో అలాగే గడిపింది. భర్త వీరరాఘవులు ఎయిర్‌పోర్టు పక్కన గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఒక్కతే కూతురు ఝాన్సీ, ఆ దగ్గర్లోనే ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తోంది.

వేసవి వచ్చిందంటే అందరికీ సెలవులు, వరలక్ష్మికి మాత్రం పని రెట్టింపు. ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు, ఏడాదికి సరిపడా కారం. డాబా మీద ఎండపెట్టినవి కాకులు తినకుండా కాపలా కూడా ఆవిడే. ప్రయాణమంటే పెళ్లికో, పరామర్శకో. సరదాగా ఎక్కడికైనా వెళదామని ఆవిడా అడగలేదు, వీరరాఘవులుకీ తోచలేదు. అలాగని ఆవిడ ముఖంలో విసుగు ఎప్పుడూ కనిపించేది కాదు. పని ఆవిడకి ఊపిరి తీసుకోవడం లాంటిది.

ఆ ఏడు ఏప్రిల్‌లో వరలక్ష్మి చెల్లెలు తెనాలి నుంచి ఫోన్ చేసి, మాటల్లో ఝాన్సీతో ఒక సంగతి చెప్పింది. "మీ అమ్మ పెళ్లికి ముందు ఎంత పుస్తకాల పిచ్చిదనుకున్నావే! అద్దె పుస్తకాల కొట్టువాడు కొత్త నవల వస్తే ముందు మా ఇంటికే కబురు పంపేవాడు. పెనం మీద అట్టు మాడి పొగలొస్తున్నా తల ఎత్తేది కాదు" అని పడీ పడీ నవ్వింది. ఝాన్సీ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి తొంగి చూసింది. వరలక్ష్మి మినప్పప్పు రుబ్బుతోంది. ఈవిడ గురించేనా పిన్ని చెప్పింది అనిపించింది ఆ పిల్లకి.

హోటల్ గదిలో ఎవరో ప్రయాణికులు మరిచిపోయి వెళ్లిన తెలుగు నవల ఒకటి ఉండిపోయింది. నెలలు గడిచినా అడగడానికి ఎవరూ రాకపోతే, గదులు సర్దే సుమలత దాన్ని ఝాన్సీ చేతిలో పెట్టింది. ఝాన్సీ దాన్ని ఇంటికి తెచ్చి తల్లికిచ్చింది. వరలక్ష్మి అట్టను ఒకసారి చేత్తో తుడిచి, "తీరిక దొరికినప్పుడు చూస్తాలే" అని ఫ్రిజ్ మీద పెట్టింది. దొరకని తీరిక ఎక్కడి నుంచి వస్తుంది? నవల అక్కడే దుమ్ము పట్టింది.

నెలాఖరు వారంలో ఝాన్సీ ఒక గుడారం కొని తెచ్చింది.

"సుమలతక్క వాళ్ల బాపుకి సాతంరాయి అవతల మామిడితోట ఉంది. వచ్చే శని, ఆదివారాలు మనం ముగ్గురం అక్కడే. అక్కడే వంట, అక్కడే పడక."

"బంగారం లాంటి ఇల్లు పెట్టుకుని తోటలో పడుకోవడమేంటే?" అంది వరలక్ష్మి. అంటూనే ఏయే గిన్నెలు పట్టుకెళ్లాలో లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఆగమ్మా. ఒక షరతు. రెండు రోజులూ నువ్వు గరిటె ముట్టుకోకూడదు. వంట నాదీ, నాన్నదీ."

పేపర్ చదువుకుంటున్న వీరరాఘవులు ఉలిక్కిపడ్డాడు. "నాదా?"

శనివారం పొద్దున్నే బయల్దేరారు. తోట చిన్నదే. చుట్టూ ప్లాట్ల హద్దురాళ్లు వచ్చేసినా సుమలత తండ్రి యాదయ్య తన బేనిషాన్ మామిడి చెట్లను అమ్ముకోలేదు. భార్య జంగమ్మ బోరు దగ్గర బట్టలు పిండుతూ వాళ్లను చూసి చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రా అక్కా. మా సుమలత చెప్పింది మీరు వస్తున్నరని. ఇంత మంచిగ షెడ్డుంటే గా బట్ట ఇంట్ల పడుకుంటరా?"

"మా అమ్మాయి సరదా, జంగమ్మ గారూ."

"గారు గీరు ఏంది అక్కా? జంగమ్మ అను."

పెద్ద చెట్టు కింద గుడారం నిలబెట్టారు. యాదయ్య మూడు రాళ్లు పేర్చి ఎండు పుల్లలు తెచ్చిచ్చాడు. వీరరాఘవులు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదీ ఊదీ కళ్ల నీళ్లు తెచ్చుకున్నాడు. వరలక్ష్మి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కూర్చుంది గానీ ప్రాణమంతా పొయ్యి దగ్గరే ఉంది.

"ఏమండీ, ఎసరు మరిగాకే బియ్యం పోయాలి. ఝాన్సీ, పప్పులో పసుపు వేశావా?"

"అమ్మా!" అంటూ ఝాన్సీ వచ్చి సంచిలోంచి నవల తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. కళ్లజోడు కూడా తనే తెచ్చింది. "నీ పని ఇది."

వరలక్ష్మికి చేతులు కట్టేసినట్టయింది. సరే, పిల్ల మాట కాదనలేక మొదటి పేజీ తెరిచింది. నాలుగు వాక్యాలు చదివేసరికి మూత కింద పడ్డ చప్పుడు. తల తిప్పి చూసి, మళ్లీ మొదటి వాక్యానికి వచ్చింది. అలా మొదటి పేజీనే ఎన్నిసార్లు చదివిందో. తర్వాత ఎక్కడో ఒక చోట కథ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఒక రైల్వే స్టేషన్ ఊళ్లో అక్కచెల్లెళ్లు. ఇద్దరివీ ఎదురెదురుగా రెండు భోజనం హోటళ్లు. ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. ఒకరి ఆవకాయ వాసన ఒకరికి తగులుతుంది గానీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ఎందుకో ఊళ్లో ఎవరికీ తెలియదు.

భోజనాలకి పిలిచారు. వరలక్ష్మి పళ్లెం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకునే తింది. వీరరాఘవులు ఆవిడ ముఖం కేసే చూస్తూ, పెళ్లిచూపుల నాటి కంటే బెరుకుగా అడిగాడు. "ఉప్పు సరిపోయిందా?"

"ఆఁ," అంది ఆవిడ పేజీ తిప్పుతూ.

ఆయన ధైర్యంగా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పప్పులో ఉప్పన్నదే లేదు. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. ఆవిడ అదీ గమనించలేదు.

మధ్యాహ్నం దాటాక పడమట నల్లగా కమ్ముకొచ్చింది. ఆకు కదలడం మానేసింది. మామూలుగా అయితే ఇలాంటి ఆకాశం చూడగానే డాబా మీదికి అందరికంటే ముందు పరుగెత్తేది వరలక్ష్మే. ఆ వేళ మాత్రం పుస్తకంలో చెల్లెలు మొదటిసారి వీధి దాటి అక్క హోటల్ మెట్ల దాకా వచ్చింది. ఆ మెట్లు ఎక్కుతుందో లేదో తేలాలి.

"అక్కా! లెవ్వక్కా! గాలొస్తున్నది!" జంగమ్మ షెడ్డు దగ్గర నుంచి కేక పెట్టింది.

"ఒక్క నిమిషం... ఈ పేజీ..."

గాలి ఆ నిమిషం ఇవ్వలేదు. ఎర్రటి దుమ్ము లేచి కళ్లు మూసింది. గుడారం ఒక్కసారి పొంగి, మేకులు ఊడబెరుక్కుని, గాలిపటంలా లేచి కంచె మీద పడి చిరిగింది. వీరరాఘవులు గిన్నెల వెంట, ఝాన్సీ దుప్పట్ల వెంట పరుగెత్తారు. వరలక్ష్మి చెప్పులు వదిలేసి, ఫోను వదిలేసి, పుస్తకం మాత్రం కొంగులో చుట్టుకుని షెడ్డులోకి వచ్చి పడింది. వెనకే చినుకులు, ఆ వెనకే వడగళ్లు. రేకుల మీద ఆ మోతలో మాట వినపడలేదు. మధ్య మధ్య మాత్రం బయట కాయలు రాలుతున్న చప్పుడు, ధబ్, ధబ్.

యాదయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "ఇంకొన్ని దినాలైతే దింపేటోళ్లం," అన్నాడు చివరికి. పుస్తకంలో పడి ఉన్నందుకు వరలక్ష్మికి ఎందుకో సిగ్గు వేసింది, తను లేచి ఉంటే గాలి ఆగేదన్నట్టు.

వాన వెలిశాక జంగమ్మ షెడ్డు లోపలి పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసింది. రాలిన కాయలతోనే పప్పు వండింది. రొట్టె కాలుస్తూ అడిగింది. "గాలికి ఇల్లు ఎగిరిపోతున్నా లేవకపోతివి. గంత ఏం రాసిండ్రక్కా అండ్ల?"

వరలక్ష్మి నవ్వి, అక్కచెల్లెళ్ల కథ తను చదివినంత వరకు చెప్పింది. రొట్టె ఒకటి మాడింది. జంగమ్మ దాన్ని పక్కన పడేసి, "చెల్లె మెట్లెక్కిందా లేదా?" అంది.

"అక్కడే గాలి వచ్చింది," అంది వరలక్ష్మి. ఆ మాటకి యాదయ్య కూడా నవ్వాడు.

ఆ రాత్రి అందరూ షెడ్డులోనే పడుకున్నారు. తెల్లారి చూస్తే చెట్ల కింద నేల కనపడకుండా కాయలు. అందరూ బుట్టలు పట్టుకుని ఏరారు. దెబ్బ తగలనివి యాదయ్య మార్కెట్‌కి వేరు చేశాడు. పగిలినవే ఎక్కువ. వాటిని గుట్టగా పోసి జంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇవన్నీ కోసి ఉప్పేసి ఒరుగులు ఎండబెట్టాలె. లేకుంటే రేపటికి కుళ్లిపోతయి. ఎన్ని చేతులైతే సరిపోతయ్?"

పచ్చి మామిడికాయల గుట్ట ముందు వరలక్ష్మిని ఎవరు ఆపగలరు? అప్పటికే కొంగు నడుముకి దోపింది. "కత్తిపీట ఇటు తే జంగమ్మా. ఇది నా పని."

"అమ్మా, షరతు," అంది ఝాన్సీ.

"నోర్ముయ్యవే. వీళ్లకి ఇంత నష్టం జరిగితే నీ షరతేంటి?"

జంగమ్మ కత్తిపీట ఇవ్వలేదు. దాన్ని తన ముందుకే లాక్కుని కూర్చుంది. "కోసేటోళ్లం ముగ్గురం ఉన్నం. సదివేటోళ్లు ఈడ నువ్వొక్కదానివే. నువ్వు పుస్తకం పట్టు. కథ ఇనుకుంట కోస్తే పని తెల్వదు."

వరలక్ష్మి నడుముకి దోపిన కొంగు విప్పింది. నిన్న కూతురు ముద్దుగా కూర్చోబెట్టింది. ఇవాళ ఈవిడ పని చెబుతోంది. ఆ రెంటికీ తేడా ఉంది.

నులకమంచం మీద కూర్చుని, నిన్న ఆగిన చోటు వెతికి చదవడం మొదలుపెట్టింది. మొదట బళ్లో పాఠం అప్పజెప్పినట్టు గొంతు ఒకే తీరున సాగింది. పైకి చదివి ఎన్నేళ్లయిందో. ఒక పేజీ గడిచేసరికి అక్కకి ఒక గొంతు, చెల్లెలికి ఒక గొంతు వాటంతట అవే వచ్చాయి. చెల్లెలు మెట్లు ఎక్కింది. అక్క ఆమెను చూసి సర్వర్‌తో, "ఎవరో భోజనానికి వచ్చారు, ఆకు వెయ్యి" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

"దీని మొఖం మండ!" అంది జంగమ్మ, కత్తిపీట మీద కాయ రెండు ముక్కలు చేస్తూ. "సొంత చెల్లెను గట్లంటదా?"

"పాపం, ఆవిడకి ఎంత కష్టం కలిగిందో," అంది వరలక్ష్మి.

"నువ్వు పెద్దదాన్ని ఎనకేసుకొస్తున్నవ్. నువ్వు కూడ అక్కవే గద మీ ఇంట్ల?"

వరలక్ష్మి తెల్లబోయి, తర్వాత నవ్వేసింది. అంతలో తలమీదుగా విమానం దిగుతూ చెట్ల మీద నీడ పరుచుకుంటూ పోయింది. ఏమీ వినపడలేదు.

"ఆగక్కా, జర ఆగు, ఇమానం పోనియ్యి. గీ ముచ్చట ఇనకపోతే నాకు బువ్వ తినబుద్ది కాదు."

యాదయ్య బుట్ట మోసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. మంచం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన నడక నెమ్మదించేది. ఎవరూ అడక్కుండానే ఒకసారి, "తప్పు పెద్దామెదే," అని చెప్పి వెళ్లిపోయాడు.

వీరరాఘవులు ముక్కలకి ఉప్పు పట్టిస్తూ భార్య వైపు చూశాడు. పప్పు సరిపోయిందా, గ్యాస్ బుక్ చేశారా, తలుపు గడియ పెట్టారా అనే గొంతే అది. ఆ గొంతులో ఇంతమంది ఉన్నారని ఆయనకి తెలియదు. ఒక చోట చెల్లెలి మాట చదువుతూ వరలక్ష్మి గొంతు బొంగురుపోయింది. ఆయన లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ తాగి, చెంబు ఆయన చేతికే ఇచ్చి మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయింది. ఆయనకి ఆ మరుపు ముచ్చటేసింది.

మధ్యాహ్నానికి గుట్ట తరిగిపోయింది. చిరిగిన గుడారం విప్పి నేల మీద పరిచి, ముక్కలన్నీ ఎండబోశారు. గుడారానికి పెట్టిన డబ్బు దండగ కాలేదని ఝాన్సీ సంబరపడింది. ఇక బయల్దేరాలి. కథ ఇంకా చాలా మిగిలి ఉంది.

వరలక్ష్మి పుస్తకం సంచిలో పెట్టబోతే జంగమ్మ చెయ్యి పట్టుకుంది. "పుస్తకం తీస్కపోకు. ఈడనే ఉండనియ్యి."

"నువ్వు చదువుకుంటావా?"

"నాకేడ వస్తదక్కా? రాదు గాబట్టే ఉంచుమంటున్న. ఇది ఈడుంటే నువ్వొస్తవ్."

ఇంటికి వచ్చాక వరలక్ష్మి ఆ వారమంతా ఎప్పటిలాగే పని చేసింది. ఆవకాయ కలిపింది, వడియాలు పెట్టింది. పని మధ్యలో మాత్రం, ఆ అక్క అంత పంతానికి ఎందుకు పోయిందా అని చేతులు ఆగిపోయేవి. ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, కళ్లజోడు సంచిలో వేసుకుని, "అన్నం, పప్పు మీరిద్దరూ చూసుకోండి. నేను సాయంత్రానికి వస్తాను," అంది.

"ఎక్కడికి?" అన్నాడు వీరరాఘవులు, తెలిసి కూడా.

"తోటకి."

"ఆటో పిలవనా?"

"నేను పిలుచుకోగలను లెండి. ఈసారి ఉప్పు మాత్రం మర్చిపోకండి." అప్పుడు అర్థమైంది ఆయనకి, ఆ రోజు పప్పు సంగతి ఆవిడకి తెలుసునని.

తోటలో చెట్టు కింద నులకమంచం వేసి ఉంది. జంగమ్మతో పాటు పక్క పొలాల ఆడవాళ్లు కొందరు కూర్చున్నారు. వాళ్లలో పెద్దది దుర్గవ్వ, చేటలో చింతపండు గింజలు తీస్తోంది.

"నీకోసమే చూస్తున్నం. జరిగిన కథంతా వీళ్లకు నేను చెప్పిన. ఇగ మొదలువెట్టక్కా," అంటూ జంగమ్మ గుడ్డలో చుట్టి దాచిన పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"జర గట్టిగ సదువు బిడ్డా, నాకు చెవులు మంచిగ ఇనరావు," అంది దుర్గవ్వ దగ్గరికి జరుగుతూ.

వరలక్ష్మి చెప్పులు విడిచి, మంచం మీద కాళ్లు ముడుచుకుని హాయిగా కూర్చుంది. గొంతు సవరించుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది.