ఇటలీ ఊరు, మా ఆయన గుసగుస

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో టీ చల్లారినా ఫర్వాలేదు. ఆ రోజుల్లో, అంటే కరోనాకి భయపడి లోకమంతా తలుపులేసుకున్న రోజుల్లో, సూరత్ నవాగామ్‌లో మాది ఒక్కటే గది. నేను కొత్త కోడలిని. మా ఆయనది సాంచాల మీద పని (మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు). సాంచాలు ఆగిపోయి గల్లీలో సగంమంది ఊళ్లకు వెళ్లిపోయారు. మేమూ మూటలు కట్టి తలుపు దగ్గర పెట్టుకున్నాం. ఆగింది ఆడబిడ్డ కోసమే. ఆమెకు ఫోన్‌లో కాలేజీవాళ్ల నోటి పరీక్ష ఉంది. "పాసైతే ఈడనే ఉందాం. లేకుంటే సదువు బంద్, అందరం ఊరికే" అని మా ఆయన తేల్చేశాడు.

పాఠమేమో దక్షిణ ఇటలీలో ఒక చిన్న ఊరి కథ. వెనకటికో రాజు అక్కడ పట్టుమగ్గాలు పెట్టించి, నేతగాళ్లకు ఇళ్లు కట్టించాడట. ఊరంతా ఆ పట్టు మీదే బతికిందట. తర్వాత మగ్గాలు ఆగితే జనం పని వెతుక్కుంటూ పోయారట. ఇప్పుడు ఆ పాత మగ్గాలు చూడ్డానికి వచ్చేవాళ్ల వల్ల నాలుగు పొయ్యిలు వెలుగుతున్నాయట. ఆమె బట్టీ పడుతుంటే నాకూ నోటికొచ్చేసింది (ఆ ఊరు మా సూరత్ పక్కనున్న కామ్‌రేజ్ దాటాక ఎక్కడో ఉంటుందనుకున్నాను, అది వేరే సంగతి). "రాజు చీరలు గిట్ల పంచిండా?" అని నేనడిగితే, "వదినా, పుస్తకంల లేనియి అడగకు" అని కసిరేది.

పరీక్ష రోజు ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించాం. సాంచాల చప్పుడులో మాట వినబడదు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అన్నకు సద్ది మోసిన పిల్లకూ ఆ సైగలన్నీ వచ్చు. ఆమె తడబడగానే మా ఆయన ఫోన్ వెనక నిలబడి సైగలతోనే కిరీటం పెట్టుకున్నాడు, పోగు లాగాడు, గోడ కట్టాడు. ఆమె గడగడా చెప్పుకుపోతూ, రాజు దుకాణాలు కట్టించాడంది. ఈయనకు ఆగలేదు. వంగి గుసగుసగా, "దుకాన్లు కాదే, ఇండ్లు" అన్నాడు. సాంచాల మధ్య ముదిరిన గొంతుకు గుసగుస ఎక్కడిది? పక్కింటి తలుపు తెరుచుకుంది.

"ఎవరక్కడ?" అంది ఫోన్‌లో పరీక్ష పెడుతున్న మేడమ్.

"మా అన్న, మేడమ్. మెల్లగనే అన్నడు."

"ఆయన్ను నీ పక్కన చేతులు కట్టుకుని కూర్చోమను. ఇప్పుడు చెప్పు. మగ్గాలు ఆగాక కూడా కొందరు ఆ ఊరు విడవలేదు. ఎందుకు?"

ఇది బట్టీలో లేదు. పిల్ల అన్న చేతుల వైపు చూసింది. కట్టుకునే ఉన్నాయి. తలుపు దగ్గరి మూటల వైపు చూసింది.

"ఇంట్ల ఎవరిదో సదువు సగంల ఉండొచ్చు, మేడమ్" అంది.

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని పాస్ అంది. "ఏందే, పాసా?" అని మా ఆయన మళ్లీ గుసగుసలాడాడు. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రం మూటలు విప్పి గిన్నెలు గూట్లో సర్దాను. ఆడబిడ్డ ఇప్పుడు సూరత్‌లోనే, అడాజన్‌లో పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఆ ఊరికి సముద్రాలు దాటాలని నాకూ తెలిసింది. అయినా బస్సు కామ్‌రేజ్ దాటుతుంటే కిటికీలోంచి ఇంకా వెతుకుతాను, ఆ పిచ్చి కొత్త కోడలిని తలుచుకుని నవ్వుకుంటూ. మీ ఇంట్లోనూ కట్టిన మూటలేవైనా ఉంటే అవి విప్పుకునే రోజు రావాలి తల్లీ, మీ గిన్నెలు మీ గూట్లోనే చల్లగా ఉండాలి.