తడవని రిజిస్టరు

దేవునికి స్తోత్రం. ఊపిరి పోసినవాడికి, ఈ ఉదయం కూడా కళ్లు తెరిపించినవాడికి, నేను దాచినదంతా చూస్తూనే ఇన్నాళ్లు నన్ను భూమి మీద ఉండనిచ్చినవాడికి స్తోత్రం. ఆయన మంచివాడు. ఈ మాట ముందే రాసిపెట్టాలి. ఇక్కడినుంచి రాసేదంతా నా గురించి. అందులో మంచి ఏమీ లేదు.

ఏడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువంటే గుండె మీద బండలా ఉంటుందంటారు. నాకు అలా లేదు. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని లేస్తే, ఆ చెయ్యి మనది కానట్టు వేలాడుతుంది చూడండి. గిల్లినా తెలియదు. నాకు లోపల అలా ఉంది. అన్నం తింటున్నాను, పాటలు పాడుతున్నాను, ఆడవాళ్ల కూడికలో వాక్యం చెబుతున్నాను. ఏదీ తగలడం లేదు.

నా పేరు రాయడం లేదు. పిరికితనమే అనుకోండి. పర్చూరు వైపు ఒక పల్లెలో పాస్టరు గారి భార్యను. మా సంఘంలో ఎక్కువమంది కూలిపనుల వాళ్లు. పత్తి తీస్తారు, మిరపకాయలు కోస్తారు, పనులు లేని నెలల్లో గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు తొడిమలు తీయడానికి పోతారు. మా ఆయన దస్తూరి బాగుండదు. అందుకని పెళ్లయిన దగ్గర్నుంచి బాప్తిస్మాల రిజిస్టరు నేనే రాస్తున్నాను. సర్టిఫికెట్లూ నేనే రాస్తాను. ఆయన కూటాలకు ఊళ్లు తిరుగుతారు కాబట్టి పది ఖాళీ ఫారాల మీద ముందే సంతకం చేసి సొరుగులో పెడతారు. అంత నమ్మకం నేనంటే.

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఒక సంస్థ వాళ్లు మందిరంలో సినిమా వేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద తెల్లగుడ్డ పరిచారు. పని ఇప్పిస్తామని చెప్పి ఆడపిల్లలను దేశం దాటించి అమ్మేసే కథ. ముగ్గురు పిల్లలు లారీలో టార్పాలిన్ కింద కూర్చుని సరిహద్దు దాటుతారు. మావాళ్లందరూ ఏడ్చారు. ఏజెంటు కనిపించినప్పుడల్లా శాపనార్థాలే.

"వీడి చేతులు పడిపోను. మంచిగా మాట్లాడతన్నాడు చూడే, బెల్లం పూసినట్టు."

"మాట్టాడకుండా చూడవే తల్లీ, నీ శాపాలు ఆ గుడ్డకి తగలవులే."

నా పక్కన మార్తమ్మ కూర్చుంది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నా మోచెయ్యి పట్టుకుని చూస్తోంది.

ఆ సినిమాలో ఒకచోట దొంగ కాగితాలు తయారుచేసే మనిషిని చూపించారు. మనిషిని కాదు, చేతిని. బల్ల, ఫారం, పెన్ను, ఒక చెయ్యి. అంతే. కథ ముందుకు పోయింది. ఆ చేతిని ఎవరూ తిట్టలేదు. తిట్టేంతసేపు అది అక్కడ లేదు. నేను మాత్రం మిగతా సినిమా చూడలేదు. మార్తమ్మ పట్టుకున్న మోచెయ్యి కిందుగా నా చేతినే చూస్తూ కూర్చున్నాను.

సలోమి మార్తమ్మ కూతురు. ఒక్కతే కూతురు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో పుట్టిన పిల్ల, బడికి రెండేళ్లు పోయింది, తర్వాత తల్లితో పొలాలకు పోయింది. రేషన్ కార్డులో వయసు అందాజుగా వేసిందే. ఆ పిల్ల ఎప్పుడు పుట్టిందో సరిగా రాసి ఉన్నది లోకంలో ఒకే చోట. పదహారో ఏట ఆమె బాప్తిస్మం తీసుకున్నప్పుడు తల్లిని అడిగి, ఏ పంట, ఏ పండగ, ఏ వానలు అని లెక్కకట్టి, నేనే రాశాను. మా రిజిస్టరులో.

ఇరవై రెండేళ్ల వయసులో గల్ఫ్ పోతానంది. పిల్లలను చూసుకునే పని అని ఒక ఏజెంటు చెప్పాడు. ప్రసాదు అని, మన విశ్వాసే. మందిరంలోకి చెప్పులు విడిచి వచ్చి, కళ్లు మూసుకుని పాడేవాడు. మా ఆయన ఊళ్లో లేని రోజు ఇంటికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంటిపనికి పోయే ఆడాళ్లని ముప్పై దాటితేనే పంపుతారమ్మగారూ. దేవుడు తలుపు తీస్తంటే గవర్నమెంటు గొళ్లెం పెడతంది. మీరు ఒక్క కాగితం రాసిస్తే మిగతాది నేను చూసుకుంటా."

ముప్పై ఒకటి వేయమన్నాడు. నేను వెంటనే వేయలేదు. ఇది చెప్పుకోవడం తప్పు తగ్గించుకోవడానికా? కాదనుకుంటాను. వెంటనే వేసి ఉంటే తెలియక చేశాననుకోవచ్చు. నేను రెండు రోజులు ఆలోచించాను. ప్రార్థన కూడా చేశాను. ఐగుప్తులో మంత్రసానులు పసిబిడ్డలను కాపాడడానికి ఫరోతో అబద్ధం చెప్పారు కదా, దేవుడు వాళ్లకు మేలే చేశాడు కదా అనుకున్నాను. వాక్యం తెలియనివాళ్లకు ఇంత మంచి సాకు దొరకదు. నాకు దొరికింది. ఆ మంత్రసానులు ప్రాణం కాపాడారు, నేను ప్రాణాన్ని చేతులు మార్చాను. ఆ తేడా నాకు అప్పుడు కనబడలేదా? కనబడింది. చూడలేదు.

మూడో రోజు సలోమి వచ్చింది. మిరపకాయలు కోసి వచ్చినట్టుంది, మండుతున్న చేతులకు మజ్జిగ రాసుకుని ఉంది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"అబద్ధం వయసుతో పోతే దేవుడు నాకు తోడుంటాడా అమ్మగారూ?"

మంత్రసానుల కథ చెప్పాను. చక్కగా చెప్పాను. ఆ పిల్ల మొహం తేటపడింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. సొరుగులోనుంచి ఫారం తీసి, ఆమె ముందే పుట్టిన సంవత్సరం తొమ్మిదేళ్లు వెనక్కి రాశాను. రిజిస్టరు జోలికి పోలేదు. అందులో నిజం అలాగే ఉంది. పుస్తకం శుద్ధంగా ఉందిలే అనుకున్నానని కూడా గుర్తుంది.

ఆమె వెళ్లే రోజు సంఘమంతా కలిసి ప్రయాణం కోసం ప్రార్థన చేశాం. ఆమె తలమీద నేనే చెయ్యి పెట్టాను.

ఎనిమిది నెలలు గడిచాయి. మొదట్లో తల్లికి ఫోన్ చేసేది. తర్వాత తగ్గింది. తర్వాత లేదు. కళ్లాల్లో కాయలు ఆరబోసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఆ ఆదివారం బాప్తిస్మం తీసుకున్న ముగ్గురి పేర్లు ఎక్కిస్తున్నాను. రిజిస్టరు నా ఒళ్లో ఉంది. తెలియని నంబరు మోగింది.

"అమ్మగారూ, సలోమిని."

"ఎట్లా ఉన్నావమ్మా?"

"బాలేనమ్మగారూ. టైము లేదు, వినండి. మొదటి ఇంటోళ్లు నన్ను వేరేవాళ్లకి ఇచ్చేశారు. వాళ్లు కారులో బోర్డరు దాటించి ఇంకో దేశం తెచ్చారు. ఏ దేశమో వారం దాకా తెలీలేదు నాకు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే. పిల్లల పని కాదమ్మగారూ ఇది. ఏం పనో ఫోన్లో చెప్పలేను."

పెన్ను పక్కన పెట్టాను.

"ఇక్కడ మన తెలుగామె ఫోనిచ్చింది. నా అసలు వయసుకి రుజువుంటే, దొంగ కాగితాల మీద తెచ్చారని చెప్పి ఎంబసీ వాళ్ల చేత ఇంటికి పంపిస్తానంటంది. మన మందిరం రిజిస్టర్లో ఉంది కదా. ఆ పేజీ ఫోటో తీసి ఈ నంబరుకి పెట్టండి. అంతే అమ్మగారూ. ఒక్క ఫోటో."

రిజిస్టరు నా ఒళ్లో ఉంది. అది మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఆ మాట దగ్గరే నేను ఏడేళ్లుగా ఆగిపోయి ఉన్నాను. నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే ఆమె పేరు. తిప్పలేదు. సర్టిఫికెట్ మీద సంతకం మా ఆయనది. పోలీసులు వస్తారు. సంఘానికి చెడ్డపేరు వస్తుంది. దేవుని నామానికి అవమానం. ఇవన్నీ ఒక్క క్షణంలో వరసగా వచ్చి నిలబడ్డాయి. మా ఆయనను కాపాడుతున్నాననుకున్నానా, దేవుని నామాన్నా? నన్నే. ఆడవాళ్లంతా నన్ను చూసి లేచి నిలబడతారు. ఆ లేచి నిలబడడాన్ని కాపాడుకున్నాను.

"ఆ రిజిస్టరు లేదమ్మా," అన్నాను.

"లేదంటే?"

"వానలకి రేకు కారి తడిసిపోయింది. అక్షరాలన్నీ కలిసిపోయినాయి."

అటు ఏదో టీవీ మోత వినిపించింది.

"నా పేజీ కూడానా?"

"అన్నీ."

"సరేలెండి అమ్మగారూ." తర్వాత, "అమ్మకి చెప్పమాకండి. ఎండలో ఉంటది, కళ్లు తిరిగి పడద్ది," అంది.

"ప్రార్థన చేస్తానమ్మా."

"చెయ్యండి," అంది. ఫోన్ పెట్టేసింది.

మిగిలిన పేర్లు ఎక్కించి రిజిస్టరు మూశాను. దస్తూరి ఎక్కడా చెదరలేదు. ఇప్పుడు తీసి చూసినా తెలియదు, ఏ పేరు దగ్గర ఆ ఫోన్ వచ్చిందో.

ఆ సాయంత్రమే దాన్ని గుడ్డలో చుట్టి నా పెట్టెలో చీరల అడుగున పెట్టాను. మా ఆయనకూ, సంఘంలో అందరికీ అదే అబద్ధం చెప్పాను. ఆయన కొత్త రిజిస్టరు కొని తెచ్చారు. నెల తర్వాత ఆ నంబరుకు ఫోన్ చేస్తే పనిచేయడం లేదు. ఒక నెల ఎందుకు ఆగాను?

మార్తమ్మ తిరగడం మొదలుపెట్టింది. సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని గుంటూరు, ఒంగోలు. ప్రతి చోటా ఒకటే మాట. మీరు చెప్పిన వయసు అమ్మాయి ఆ పేరుతో వెళ్లలేదు, వెళ్లినామెకు ముప్పై ఒకటి, మీ అమ్మాయి అని రుజువేది అని. ప్రసాదు ఎప్పుడో ఊరు విడిచాడు. ఆమె నా దగ్గరకు వచ్చి కూర్చునేది.

"ఆ తడిసిన పుస్తకం ఎండబెడితే ఏమన్నా కనపడదా అమ్మగారూ? కాయలు బూజు పట్టినా ఎండలో పోస్తే కొన్ని పనికొస్తయ్ కదా."

"చెత్తలో వేశామమ్మా," అన్నాను.

ప్రతి ఆదివారం సలోమి కోసం ప్రార్థన చేశాం. చాలాసార్లు నేనే నడిపించాను. ఆమె ఎదుట మూసుకున్న తలుపులు తెరువు ప్రభువా అని అడిగాను. సంఘమంతా ఆమేన్ అంది. దేవుడు జవాబు ఇవ్వలేదని మార్తమ్మ ఒక్కసారి కూడా అనలేదు. ఇవ్వనిది ఎవరో నాకు తెలుసు.

సినిమా అయ్యాక పది రోజులు ఏమీ చేయలేదు. ఏడుపు రాలేదు. పదకొండో రోజు పెట్టె తెరిచి, గుడ్డ విప్పి, మా ఆయన ముందు రిజిస్టరు పెట్టి చెప్పాను. ఆయన పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. "సంతకం నాదే కదా," అన్నారు చివరికి. ఆ ఆదివారం వాక్యం చెప్పలేదు. వేరే ఊరి పాస్టరు గారిని పిలిచారు. ఇంట్లో ఇద్దరం అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నాం.

తర్వాత మార్తమ్మ ఇంటికి వెళ్లాను. ముందే ఒక కాగితం రాసుకుని వెళ్లాను. అబద్ధం వయసు వేసింది నేనే అని, సంగతి మొత్తం. దానికింద మాత్రం పేరు రాసి సంతకం పెట్టాను. ఆమె పొద్దుటి బస్సుకు తయారవుతోంది. ఆ రోజు సోమవారం. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. ఫోన్ సంగతి చెప్పాను. ఒళ్లో ఉన్న రిజిస్టరు సంగతి చెప్పాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండని కూడా అనుకున్నాను. ఆమె జడ చుట్టుకుంటూ మధ్యలో ఆగింది.

"నా బిడ్డ ఫోన్ చేసిందా," అంది. అడిగినట్టు కాదు. "బతికుండి మాట్టాడిందా."

"మాట్లాడింది."

"ఎండలో ఉంటానని చెప్పొద్దందా."

"అవును."

జడ ముడి వేసుకుంది. రిజిస్టరు, నేను రాసిన కాగితం తీసుకుని, మళ్లీ మళ్లీ మడతపెట్టిన పాత అర్జీలున్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. గుమ్మం దాటాక తిరిగి చూసింది.

"మిమ్మల్ని ఏమనాలో నాకు తెలీట్లేదు అమ్మగారూ. బస్సుకి టైమయింది," అంది. వెళ్లిపోయింది.

రెండు వారాలైంది. ఆఫీసులో రిజిస్టరు చూసి ఫోటోలు తీసుకున్నారట, పైకి పంపుతామన్నారట. నన్ను పిలుస్తారట. పిలిస్తే వెళతాను. సలోమి ఎక్కడ ఉందో, ఉందో లేదో, ఎవరికీ తెలియదు. మార్తమ్మ మందిరానికి వస్తోంది, వెనక వరసలో కూర్చుంటోంది, నాకు వందనం చెప్పడం లేదు. అది సరైనదే.

క్షమాపణ అడగను. దేవుణ్ణి కూడా ఇంకా అడగలేదు. ఆయన క్షమిస్తాడని నాకు వాక్యం తెలుసు, ఆ తెలియడాన్నే నేను నమ్మలేకపోతున్నాను. సాకులు వెతకడం వచ్చిన మనిషిని కదా. కానీ ఒక్క సంగతి ఉంది. చెప్పిన రోజునుంచి చేతులు కాస్త నొప్పి పుడుతున్నాయి. ముందు నొప్పి కూడా లేదు. దాన్ని ఉపశమనం అనవచ్చో లేదో నాకు తెలియదు. అలాంటిదే ఏదో.

ఇంతవరకూ చదివారు కాబట్టి ఒకటి అడుగుతాను. నాతోపాటు మోకరించండి. నాకోసం కాదు. నా పేరు మీకు తెలియదు, తెలియకపోయినా పరవాలేదు. ఆ పిల్ల పేరు సలోమి. తల్లి పేరు మార్తమ్మ. ప్రార్థనలో వయసు చెప్పవలసివస్తే సరిగా చెప్పండి. ఇప్పుడు ఆమెకు ఇరవై తొమ్మిది.