సున్నా ఇవ్వని ఫార్ములా

ఫైలుకు వైరస్ పట్టిందని వనపర్తి ఆఫీసులో అందరికీ చెప్పింది నేనే. వైరస్ లేదు, ఏమీ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఓ ప్రైవేటు సంస్థలో బోర్ల సర్వే చేసేవాణ్ణి. బోరు కింద బకెట్ పెట్టి, అది నిండేందుకు ఎంతసేపు పడుతుందో వాచీలో చూసి, నిమిషానికి ఎన్ని లీటర్లో రాయాలి. ఆ అంకెలు చూసి, బోర్లు ఎండిన ఊళ్లకు ట్యాంకర్లు పంపుతారు. కొత్తకోట వైపు తిరిగాను. మల్దకల్ వైపు వెళ్లలేదు. ఎండ అని చెప్పుకున్నాను గానీ, అది బద్ధకం.

కొలిచిన అంకెల్లో చిన్నవి చాలా, పెద్దవి కొన్నే. వాటి లాగరిదమ్‌లు తీసి, సగటూ విచలనమూ కట్టి, స్ప్రెడ్‌షీట్‌లో లాగ్‌ఇన్వ్ అనే ఫంక్షన్‌కు ఇచ్చాను. సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక సంభావ్యత చెబితే అది కొలిచిన అంకెల తీరులోనే ఒక విలువ ఇస్తుంది. సంభావ్యత ఉండాల్సిన చోట ర్యాండ్ పెట్టాను; అదే తోచిన అంకె వేసుకుంటుంది. ఎండిన బోర్ల సున్నాలను ముందే తీసేశాను, సున్నాకు లాగరిదమ్ రాదు కాబట్టి. గడి పట్టి కిందికి లాగితే మల్దకల్ బోర్లన్నీ నీళ్లు పోశాయి. అచ్చం కొలిచినట్టే. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

జాబితా పైకి వెళ్లాక మల్దకల్ దగ్గరి ఊరి రైతు ఒకాయన వచ్చాడు. ముసలాయన, బస్సులు మారి వచ్చాడు.

"మా ఊరికి ట్యాంకర్ రాదంటున్నరు సారు. మా బోర్లల్ల నీళ్లున్నయని రాసిన్రంట. ఎవరొచ్చి సూసిన్రు?"

ఫైలు తెరిచాను. ఆయన బోరు పక్కన ఇరవై రెండు. అక్షరం తప్పు పడిన ఊరి పేరు సరిచేసి ఎంటర్ నొక్కగానే షీటంతా మళ్లీ లెక్కేసుకుంది. ఇరవై రెండు తొమ్మిదైంది. ఫార్ములాలు తీసి ఉత్త అంకెలుగా మార్చడం మరిచిపోయాను.

ఆయన ముందుకు వంగి చూశాడు. "జర తగ్గింది గద సారు. ఇంకోపారి నొక్కు. ఎండేదాంక నొక్కు."

పక్క బల్లల వాళ్లు నవ్వారు.

"వైరస్ పట్టింది, పెద్దాయనా."

"మా బోరుకా, నీ మిషిన్‌కా?"

వచ్చి కొలుస్తానని చెప్పి పంపేశాను. వెళ్లలేదు. వెళితే మిగతావన్నీ బయటపడతాయి.

ఆయన మెట్లు దిగాక ఎంటర్ నొక్కాను. నలభై. రెండు. పదకొండు. అర. సున్నా రాలేదు. ఎంతసేపు నొక్కినా రాదు. ఆ ఫంక్షన్ విలువ ఎప్పుడూ సున్నాకు పైనే ఉంటుందని తెలిసే కూర్చుని నొక్కాను. ఆ ఎండాకాలం వాళ్ల ఊరికి ట్యాంకర్ పోలేదు.