ఈఫిల్ టవర్ మీంచి కనబడని సముద్రం

మా చిన్నప్పుడు పుదుచ్చేరిలో మా వీధి మొత్తానికీ ఈఫిల్ టవర్ ఎక్కినవాడు మా తాత ఒక్కడే... ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను మీద ఇంటికొచ్చిన మనిషి. సాయంత్రమైతే ఇంటి ముందు తిన్నె మీద కూచుని, నల్ల టోపీ ఓరగా పెట్టుకుని, వీధి పిల్లలందరికీ పారిస్ చూపించేవాడు.

"రోడ్డు మీద అన్నం ఏసుకుని తినొచ్చురా, అంత సుద్దం! టవరు పైకెక్కితే సముద్రం అగుపడతాది, మన బీచి మాదిరి!"

నాకు పదమూడేళ్ళప్పుడు, ఎనభైల మొదట్లో, మా ఫ్రెంచి బడివాళ్ళు పన్నెండుమంది పిల్లల్ని పారిస్ తీసుకెళ్తామన్నారు. అందులో నా పేరుందని తెలిసి, నాకంటే ముందు తాత కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక పారిస్ సంగతి... ఛీ.

మెట్రో మెట్లు దిగుతుంటేనే ఉచ్చకంపు. మా బస్టాండు గోడ నయం! పైకొస్తే అడుగుకో కుక్క పెంట... ఆ కుక్కల్ని పట్టుకు తిరిగేవాళ్ళు మాత్రం బొచ్చు కోట్లూ, సెంట్లూ. మాతో వచ్చిన సెల్వి కొత్త బూటుతో తొక్కింది. రోజంతా ఆ బూటు పక్కనే నడిచాను.

మ్యూజియంలో ఆ పేరుమోసిన నవ్వే ఆవిడ బొమ్మ చూడ్డానికి గంట నిలబడితే, నాకు కనిపించింది ముందున్న పెద్దాయన చంక. స్నానం చేసి ఎన్నాళ్ళయిందో మహానుభావుడు! నది చూస్తే మురిక్కాలవ రంగు. భోజనంలో ఆకుపచ్చ బూజు పట్టిన జున్ను... బూజు పడితే మా నాయనమ్మ పచ్చడిని జాడీతో సహా పారేసేది. వీళ్ళు ముక్కలు కోసి వడ్డించారు. టీచరు చూస్తోందని ఊపిరి బిగబట్టి మింగాను.

హాస్టల్లో కక్కసు గురించి అడక్కండి. నీళ్ళుండాల్సిన చోట కాగితాల చుట్ట! నాయనమ్మ నా పెట్టెలో ఇత్తడి చెంబు ఎందుకు పెట్టిందో అప్పుడు అర్థమైంది. పొద్దున్నే ఆ ఒక్క చెంబు కోసం ఆడపిల్లలందరం వరసలో నిలబడేవాళ్ళం.

మా టీచర్ని మాదామ్ అనేవాళ్ళం. ఆవిడ రోజూ మా చేత చూసిన వింతల మీద "నా అభిప్రాయాలు" అని నోట్సు రాయించేది. నేను చూసింది చూసినట్టు రాశాను. ఆవిడ నా నోట్సులో "అసహ్యం" అన్న చోటల్లా ఎర్రసిరాతో కొట్టేసి, పైన "అద్భుతం" అని దిద్దింది. నది అద్భుతం, జున్ను అద్భుతం, ఆఖరికి ఆ మెట్రో కూడా అద్భుతమే! ఒళ్ళు మండిపోయింది. అభిప్రాయం ఆవిడదైతే రాయడానికి నేనెందుకు?

చివరిరోజు టవర్ ఎక్కించారు. పైన కమ్మీలు పట్టుకుని చుట్టూ తిరిగాను... నాలుగు పక్కలా వెతికాను. బూడిదరంగు ఇళ్ళ కప్పులు, పొగ, మబ్బు.

"మాదామ్, సముద్రం ఎటు పక్క?"

అందరూ పడీపడీ నవ్వారు. "ఇక్కడికి సముద్రం చాలా దూరం. ఎవరు చెప్పారు నీకు?" అంది మాదామ్. మా భూగోళం పుస్తకంలో పటం ఉంది... కానీ తాత మాట ముందు పటమెంత!

కుక్క పెంట కన్నా, బూజు జున్ను కన్నా ఎక్కువ రోత ఆ క్షణాన తాత మీద పుట్టింది. నోట్సులో రాశాను... "మా తాత అబద్ధాలకోరు. టవర్ మీంచి సముద్రం కనపడదు." మాదామ్ అదీ కొట్టేసి "నగరం అద్భుతంగా కనిపించింది" అని రాసింది.

తిరిగొచ్చాక బడి వార్షికోత్సవంలో మా అభిప్రాయాలు మేమే చదవాలి. ముందు వరసలో తాత... పతకాలు మెరుగు పెట్టి తగిలించుకుని, ఆ టోపీతో. పక్కన ఆయన స్నేహితులు, పాత సోల్దాలు. ఫ్రెంచి సైన్యంలో చేసినవాళ్ళని మా ఊళ్ళో అలాగే అంటారు.

నేను ఎర్రసిరాని వదిలేసి, కొట్టేసిందే చదివాను. ఉచ్చకంపు దగ్గర హాలంతా నవ్వింది. ఆ నవ్వు తలకెక్కింది. పక్కనుంచి మాదామ్ కళ్ళురుముతోంది. చదువుతూ చదువుతూ తాత గురించి రాసిన మాట దగ్గరికొచ్చాను. అక్కడ ఆగొచ్చు...

ఆగలేదు. చదివేశాను.

సోల్దాల్లో ఒకాయన తాత భుజం మీద చరిచి, "ఏంది అన్నా, పారీసుకి సముద్రం తోడుకుపోయినావా?" అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు... నవ్వుతూనే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక నాయనమ్మ నన్ను పక్కకి లాగి చెప్పింది. "ఆయన పారీసు యాడ చూసినాడే! ఆ దేశంలో ఓడ దిగిన రేవులోనే మూణ్ణెల్లు వంటసాలలో ఎర్రగడ్డలు కోయించి, అట్నుంచి అట్నే యుద్ధానికి తోలేసినారు. ఆ వంటసాల కిటికీలో అగుపడింది సముద్రమొకటే."

తాత నన్ను తిట్టినా బాగుండేది. మర్నాడు పిల్లలు తిన్నె చుట్టూ చేరి పారిస్ చెప్పమంటే, "పాపనడగండి... అది చూసొచ్చింది" అన్నాడు. పిల్లలు నన్నడిగారు. నేను కంపు గురించి చెప్పాను. రెండు రోజులు విని మానేశారు. ఆ తిన్నె మీదకి మళ్ళీ ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే ఎవరో ఒకరి పారిస్ ఫోటోలు... ఏ ఒక్కరికీ ఏ కంపూ తగలదు, అన్నీ అద్భుతమే! మాదామ్ ఎర్రసిరా అందరి చేతుల్లోకీ వచ్చేసింది. ఒకప్పుడు అవి చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు రోతంతా ఆ వేదిక మీద నోట్సు పట్టుకుని నిలబడ్డ పదమూడేళ్ళ పిల్ల మీదే.

మీలోనూ ఎవరైనా ఇలా నిజం చెప్పి ఇంట్లో ఒక కథ ఆపేసినవాళ్ళుంటే కింద రాయండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.

ఆ ఒక్కరోజు సముద్రం కనిపించిందని చదివేసుంటే నా సొమ్మేం పోయేది!