మలుపు తిరిగితే చప్పుడు

డెసిమిర్ కారు బాగుచేయడం అందులో పడుకోవడంతో మొదలయ్యేది. ఎవరు ఏ కారు తెచ్చినా ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. తాళం భార్య రోసాందా చేతిలో పెట్టి, తను వెనక సీట్లో ఒత్తిగిలి పడుకునేవాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను కారు అడుగుకూ, పిడిని చెవికీ ఆనించి కళ్లు మూసుకునేవాడు. రోసాందా మొరవిత్సా ఏటి వెంబడి రాతిగని దాకా పోనిచ్చేది. అక్కడ కిటికీ దించితే, చక్రం చేసే చప్పుడును గని గోడ తిరిగి చెప్పేది. ఆ తర్వాత వంతెన, ఎత్తు, రెండు మలుపులు.

"మూడో గేరెయ్," అనేవాడు వెనకనుంచి. "ఇప్పుడు కాలు తియ్. ఊరికే పోనీ."

"పాట కూడా పాడమంటావా?"

"నోరు మూసుకుంటే చాలు."

మెకానిక్ నిద్రపోతాడు, పెళ్లాం పని చేస్తుంది అని ఇవాన్‌యిత్సా ఊరంతా నవ్వుకునేది. నిద్ర లేచాక డెసిమిర్ చెప్పింది మాత్రం సాధారణంగా తప్పేది కాదు. వేగంతో పెరిగే మూలుగు చక్రం బేరింగుది. గతుకులో ఒక్కసారి కొట్టేది అరిగిన రబ్బరు. పనిముట్టు ముట్టుకునే ముందు బండి మనిషిని ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఈ చప్పుడు మొదలవక ముందు బండినేం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు."

అందరిదీ అదే జవాబు. ఒకడు బావమరిది పందిని వెనక ఎక్కించుకుని కొండ దిగి ఉండేవాడు. ఇంకొకడు తనే చక్రం మార్చి నట్లు సగం బిగించి ఉండేవాడు.

"ఏమీ చెయ్యకపోవడం ఎంత పనో," అనేది రోసాందా, చేతులు తుడుచుకుంటూ.

నిరుడు వసంతంలో ఆమె పోయింది. డెసిమిర్ షెడ్డుకు తాళం వేశాడు. ఆమె ఇష్టపడి కొన్న పాత నీలం కారు ఒక్కటి మిగిలింది. దాన్ని తనే నడుపుకునేవాడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి. అయినా ఆమె జరుపుకున్న సీటును వెనక్కి జరపలేదు.

ఆకులు రాలే రోజుల్లో చప్పుడు మొదలైంది. ఎడమకు తిరిగితే వెనక ఎక్కడో ఏదో దొర్లి టక్కున కొట్టేది. తిన్నని దారిలో ఏమీ లేదు. జాకీ ఎత్తి చక్రాలు ఊపి చూశాడు. రబ్బర్లు మార్చాడు. పొగగొట్టం విప్పి మళ్లీ కట్టాడు. చప్పుడు పోలేదు. గని గోడ దగ్గర కిటికీ దించి విన్నాడు. స్టీరింగు పట్టుకున్నవాడి చెవులు ముందుకే ఉంటాయి.

"ఎవడినన్నా నడపమని నువ్వు పడుకోరాదట్రా," అన్నాడు పక్కింటి వుకొమాన్, కంచె మీదుగా. "నన్ను నడపమన్నా నడుపుతా."

"నువ్వు నడిపితే నీ చప్పుడే వినిపిస్తుంది," అన్నాడు డెసిమిర్.

సంవత్సరీకానికి ముందురోజు కూతురు యగోదా చాచక్ నుంచి వచ్చింది. రోసాందా సమాధి కొండమీద, ఆమె పుట్టిన ఊళ్లో ఉంది. సమాధి దగ్గర పెట్టడానికి గోధుమలు ఉడికించి, చక్కెర కలిపి గిన్నెలో పెట్టాక యగోదా అంది:

"రేపు బస్సులో వెళ్దాం నాన్నా."

"బండిలోనే వెళ్దాం. అది మీ అమ్మది."

"అదేం చప్పుడో తెలిసిందా?"

"లేదు."

"తెలియని చప్పుడుతో కొండెక్కకూడదని అందరికీ చెప్పిందెవరు?"

డెసిమిర్ గోధుమల గిన్నెకు మూత పెట్టాడు.

"సాయంత్రంలోగా కనిపెట్టు. లేదంటే బండి అమ్మేద్దాం. నువ్వు దాన్లో ఒక్కడివీ ఆ మలుపుల్లో తిరుగుతుంటే నాకక్కడ నిద్ర పట్టట్లేదు."

ఆ నియమం తనదే. తల ఊపాడు.

"అయితే తాళం ఇలా ఇయ్."

"ఇంకా సాయంత్రం కాలేదుగా తల్లీ."

"నడపడానికి. నువ్వు వెనక పడుకో."

డెసిమిర్ తాళం ఇచ్చాడు. యగోదా ఎక్కి కూర్చుంది. సీటు జరపాల్సిన పని పడలేదు. తల్లిదీ ఆమెదీ ఒకటే పొడుగు.

అతను వెనక ఒత్తిగిలాడు. రెక్సిను చల్లగా చెంపకు తగిలింది. ఏరు, గని గోడ, వంతెన. "మూడో గేరెయ్," అన్నాడు. చాలాకాలం తర్వాత అన్న మాట అది. ఎడమ మలుపులో అది అతని చెవి కిందనే దొర్లి, టక్కుమంది.

"ఇనుము కాదు," అన్నాడు. "తేలిగ్గా ఉంది. లోపల బోలు."

యగోదా బండి పక్కకు ఆపి వెనక్కి తిరిగింది.

"నాన్నా, ఈ చప్పుడు మొదలవక ముందు బండినేం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. తన అరచేతి కింద ఉన్న సీటును చూస్తున్నాడు. దాని మీద ఎప్పుడూ ఒక పాత కంబళి ఉండేది, అంచు సీటు సందులోకి దోపి. ఇక పడుకునేదెవరని ఆకులు రాలే ముందు దాన్ని తీసి ఇంట్లో పెట్టేశాడు.

దిగి, వెనక సీటు పైకెత్తాడు. కింద రేకు గాడిలో ఒక అక్రోటుకాయ ఉంది.

క్రిస్మస్ ముందు సాయంత్రం ఇంటి నాలుగు మూలలకూ అక్రోట్లు విసురుతారు. అవి పోయినవాళ్ల వాటా, ఎవరూ తినరు. రోసాందా ఏటా ఇంట్లో విసిరాక మంచులో బయటికి వచ్చి కారు తలుపు తీసేది. "నువ్వు ఇంట్లోకన్నా దీన్లోనే ఎక్కువుంటావ్. దీనికీ నాలుగు మూలలున్నాయిగా," అనేది. పండగ వెళ్లాక ఏరేది. చివరిసారి మూడే దొరికాయి. "నాలుగోది మా నాన్న తిన్నాడేమో. ఆయనకు ఆకలెక్కువ," అంది.

యగోదా దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఇంటికి తీసుకెళ్దామా?"

"మీ అమ్మ మూలకేసింది, మూలలోనే ఉండనీ," అన్నాడు డెసిమిర్. ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టాడు.

మర్నాడు పొద్దున కంబళి తెచ్చి పరిచాడు. అంచును అక్రోటుకాయకు ఆనేలా సందులోకి దోపాడు, వెనకటిలాగే. గోధుమల గిన్నె ముందు సీట్లో పెట్టి, తాళం అడక్కుండానే కూతురికిచ్చి, తను వెనక పడుకున్నాడు. కొండ దారంతా ఎడమ మలుపులే.

"ఏమన్నా వినిపిస్తోందా?" అంది యగోదా.

"ఆఁ."

బండి నెమ్మదించింది. "ఏంటి?"

"క్లచ్ మీంచి కాలు తియ్యవు నువ్వు. మీ అమ్మా ఇంతే."

"పాట కూడా పాడమంటావా?"

బండి ఇంకో మలుపు తిరిగింది. చప్పుడు లేదు.

"పాడమ్మా," అన్నాడు డెసిమిర్.