తడి గోనెపట్టాలో పత్తిగింజలు

మా బడిలో సైన్సు ఒక చెక్కపెట్టెలో ఉండేది. సర్కారు వాళ్ళు పంపిన పెట్టె. లోపల భూతద్దం, అయస్కాంతం, గాజు గొట్టాలు ఉన్నాయని మూత మీద అంటించిన కాగితం చెప్పేది, నేను నమ్మేదాన్ని. తాళంచెవి పెద్దసారు జేబులో ఉండేది. ఏటా దసరాకు ఆయన ఆ పెట్టెను బీరువా మీది నుంచి దింపి, దుమ్ము దులిపి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ పైకి ఎక్కించేవాడు. సరస్వతికి అందులో ఊపిరాడుతున్నదో లేదో చూడమని ఒకసారి అన్నాను. ఆయన నవ్వలేదు.

“పిల్లలకిస్తే పగులగొడ్తరమ్మా. పగిలినంక, పైనుంచి వచ్చినోళ్లకు ఏం జూపియ్యాలె?” అన్నాడు.

ఎనభైల మొదట్లో మాట ఇది. పరకాల దారిలో ఒక పల్లె. రెండు గదుల ప్రాథమిక పాఠశాల, ఆయనా నేనూ ఇద్దరమే పంతుళ్ళం. నేను హనుమకొండ నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేదాన్ని. ట్రైనింగు అయి అప్పుడే ఉద్యోగంలో చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, నా వ్యవహారం అట్లాగే ఉండేది. పెట్టె తెరవకపోతే మానె, సైన్సు పెట్టెలోనే ఉంటుందా అని పంతం పట్టాను. పిల్లలు కొబ్బరి చిప్పలతో తక్కెడలు కట్టారు. బడి ముందు కట్టె పాతి, నీడ ఎక్కడికి జరిగితే ఇంటి గంట కొట్టాలో గీత గీశారు. ఖిలా వరంగల్ చూసివచ్చిన మరునాడు రేగడి మట్టితో రాతి తోరణాలు చేసి వరండా నిండా నిలబెట్టారు. పెద్దసారు ధోవతి ఎత్తిపట్టుకుని వాటి మధ్య నుంచి నడిచిపోతూ, “బడంత బురద జేస్తాన్నరు గదమ్మా” అనేవాడు. నాకు అది పొగడ్తలాగే వినిపించేది.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఆలస్యంగా బడిలో వేశారు కాబట్టి మిగతావాళ్ళకంటే ఒక తల పొడుగు. తక్కెడలు కట్టిననాడు అందరివీ ఒక పక్కకు వాలిపోతే, అందరూ నా మొహం చూశారు. ఆ పిల్ల మాత్రం కాసేపు తన తక్కెడనే చూసి, తేలికగా ఉన్న చిప్పకు అడుగున చిటికెడు తడిమట్టి మెత్తింది. అది సరిగ్గా నిలిచింది. అట్లా చేయమని నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ ఉపాయం నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల అయిదు దాటి హైస్కూలుకు పోవాలని నా మనసులో పడింది. పడిందంటే మామూలుగా కాదు, మొండిపట్టుగా పడింది.

పరీక్షలయ్యాక ఆ మాట వాళ్ళ నాయినతో అన్నాను. మంచి మనిషి. బడి గడప లోపలికి చెప్పులతో ఎన్నడూ రాలేదు. అప్పటిదాకా జొన్నలు వేసే చేనులో ఆ ఏడే మొదటిసారి పత్తి పెట్టబోతున్నాడు.

“పత్తిని జూసి చెప్త పంతులమ్మా. పత్తి మంచిగైతే సదువుకుంటది. కాకుంటే అవ్వ వెంట కూలికి పోతది. నాకు మాత్రం పిల్లను కూలికి తోలాల్నని ఉంటదా?” అన్నాడు.

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ పిల్ల చదువు పత్తిచేను మీద ఆధారపడింది, అంతే.

జూన్‌లో బడి తెరిచాం. మిరుగం కార్తె వచ్చినా వానలు రాలేదు. ఊరంతా ఆకాశం వంక చూస్తున్నది. ఇదే సమయమని నేను మొలకల పాఠం ఎత్తుకున్నాను. ఒక్కొక్కరు ఇంటి నుంచి పదేసి గింజలు తేవాలి, తడిపిన గోనెపట్టాలో వరుసగా పేర్చి చుట్టాలి, నీళ్ళకుండ పక్కన మూలకు పెట్టాలి. మొదటిరోజు పల్లీలు తెచ్చినవాళ్ళవి సాయంత్రానికి మాయమయ్యాయి. “ఎలుకలు తిన్నయి టీచర్” అన్నారు, నమలడం ఆపకుండానే. రెండోరోజు నా కళ్ళెదుటే చుట్టించాను. ఒక చుట్టకు నీళ్ళు పెట్టలేదు, ఒకదాన్ని ఎండలో పెట్టాం, మిగతావన్నీ మూలకే. ఒక్కటి మాత్రమే మార్చాలి, మిగతావన్నీ ఒక్కతీరుగా ఉంచాలి, తేడా ఎక్కడుంటే కారణం అక్కడుంటుంది. ఈ మాటను ఎక్కాల్లాగా వల్లె వేయించాను. అందరికంటే గట్టిగా ఆ పిల్ల గొంతే వినిపించేది.

చుట్టలు విప్పిననాడు పెసలు మొలిచాయి, జొన్నలు మొలిచాయి, ఎలుకలు వదిలిపెట్టిన పల్లీలు కూడా మొలిచాయి. ఆ పిల్ల పత్తిగింజలు తెచ్చింది. పదింటిలో మూడే మొలిచాయి. మిగతావి మెత్తబడి నల్లగా ఉన్నాయి. ఇంకో రెండురోజులు ఆగి చూశాం. అవే మూడు.

“నీళ్లు ఒక్కటే, పట్ట ఒక్కటే, జాగ ఒక్కటే. గింజల్నే ఏదో ఉన్నది టీచర్” అన్నది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. గింజలు మొలవనందుకు సంతోషించే మనిషిని ఆ ఊళ్ళో నన్నే చూసి ఉంటారు. చదువంటే ఇది కదా అనుకున్నాను. విత్తకముందే తెలిసింది, వాన ఇంకా పడలేదు, వేరే విత్తనాలు తెచ్చుకోవడానికి వ్యవధి ఉంది. ఇంటికి పోయి మీ నాయినకు చెప్పు అన్నాను.

మరునాడు ఆ పిల్ల బడికి రాలేదు. మధ్యాహ్నం గోనెపట్టా పట్టుకుని నేనే వాళ్ళింటికి పోయాను. ఆ పిల్ల గూట్లో దీపంబుడ్డి తుడుస్తున్నది, ఒక చెంప వాచి ఉంది. నాయినమ్మ విత్తనాల సంచి మీద పసుపునీళ్ళు చల్లుతున్నది. సంచి మూతిని కొత్త దారంతో మళ్ళీ కట్టి ఉంది.

అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళ ఇళ్ళల్లో విత్తనాల సంచి ఇంటికి వచ్చాక, మంచిరోజు చూసి, పసుపు కుంకుమ పెట్టి, ఇంటి పెద్దామె చేతులతో విప్పాలి. మొదటి పిడికెడు ఆమె కొంగులోనే పడాలి. అప్పటిదాకా ఎవరూ దాని మూతి విప్పరాదు. నేను పుట్టి పెరిగింది వరంగల్ బజారులో, కిరాణా దుకాణం వెనుక ఇంట్లో. మా దుకాణంలో గింజ ఎట్లుందో చూడాలంటే సంచిలో మోచేతిదాకా చేయి పెట్టాల్సిందే. చేయి పెట్టకుండా కొన్నవాణ్ణి మేం వెర్రివాడనుకుంటాం. సంచి విప్పడం ఒక అపరాధమయ్యే ఇళ్ళు మా ఊరికి ఒక్క బస్సు దూరంలోనే ఉన్నాయని నాకు తెలియదు.

పట్టా విప్పి వాళ్ళ నాయినకు చూపించబోయాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“పట్ట మూయుండ్రి పంతులమ్మా, జర మూయుండ్రి.”

“పదింటికి మూడే మొలిచినయి. మీ కళ్ళతో చూడండి. ఈ సంచి వాపసు ఇచ్చి వేరేవి తెచ్చుకోండి” అన్నాను.

“ఇంటికచ్చిన ఇత్తనాన్ని వాపస్ ఇస్తరా? ఎదురుకొబ్బరికాయ గొట్టి లోపలికి తెచ్చుకున్నం. ఇప్పుడు తీస్కపోయి ఇచ్చుడంటె లచ్చిమిని ఎల్లగొట్టినట్టే గద.”

“మొలవని లక్ష్మి ఎందుకయ్యా?” అన్నాను. కోపమొస్తే నా నోటికి ముందూ వెనుకా ఉండదు.

నాయినమ్మ చెంబు కింద పెట్టి నా వంక చూసింది. తిట్టలేదు. “గింజ మన్నుల మొలుస్తది బిడ్డా, బట్టల మొలుస్తదా?” అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబుంది, కానీ వినేవాళ్ళు లేరు. నేను లేచి వచ్చాను.

నాలుగు రోజుల తరువాత వాన పడింది. విత్తారు. ఆ పిల్ల మళ్ళీ బడికి వచ్చింది. నేను బస్సు దిగి బడికి నడిచే బాటకు ఆనుకునే వాళ్ళ చేను. రోజూ ఆ వంక చూడకూడదనుకునేదాన్ని, రోజూ చూసేదాన్ని. పక్కచేన్లలో మొక్కలు సాలువెంట తేరుకుంటుంటే, వాళ్ళ చేను పేనుకొరికిన తలలాగా అక్కడక్కడ మొలిచింది. ఖాళీల్లో జొన్నలు చల్లారు. అవి మొలిచే సమయానికి వానలు ముఖం చాటేశాయి. పత్తి ఇక చేతికి రాదని ఊరంతటికీ తెలిసిపోయింది.

ఎందుకు మొలవలేదంటే ఊళ్ళో అందరికీ కారణం దొరికింది. పూజ కాకముందు పిల్ల సంచి విప్పింది, తడిచేయి పెట్టింది. నల్ల కుళ్ళు పట్టిన గింజ మాట ఎవరూ ఎత్తలేదు. విత్తనాలు అమ్మినవాడి మాట అసలే ఎత్తలేదు. ఒకరిద్దరు తల్లులు బడికి వచ్చి, తమ పిల్లలతో ఇంటి గింజలు తెప్పించవద్దని మర్యాదగానే చెప్పిపోయారు. పెద్దసారు అంతా విని, “గందుకేనమ్మా నేను పెట్టెకు తాళం ఏసేది” అన్నాడు. ఎగతాళికి అనలేదు, పాపం, నన్ను ఓదార్చడానికే అన్నాడు. అది ఇంకా మండింది నాకు.

దసరా సెలవులయ్యాక ఆ పిల్ల రాలేదు. నేను పోయేసరికి ఊరి బయట వేరేవాళ్ళ చేనులో కలుపు తీస్తున్నది. వాళ్ళమ్మ దూరంగా ఇంకో సాలులో ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, బడిలో నిలబడినట్టే.

“నాతో ఒకమాట చెప్పు. బడిలో కూడా మూడే మొలిచినయి కదా. అప్పటికి చేనులో ఒక్క గింజ పడలేదు. మరి తప్పు గింజది కాదా?” అన్నాను.

“అవి గూడ నేను ముట్టినయే గద టీచర్.”

ఆ పిల్లే మెల్లగా చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు. “నీళ్లు ఒక్కటే, పట్ట ఒక్కటే, జాగ ఒక్కటే. అందరియి మొలిచినయి. నేను పెట్టినయే మొలువలే. చేన్ల గూడ గంతే. తేడా యాడుంటె కారణం ఆడుంటదంటిరి గద.”

నేను నేర్పిన మాటనే ఒక్క అక్షరం పొల్లుపోకుండా తన మీదికే తిప్పుకున్నది. ఎవరో చెప్తే నమ్మిన మాటైతే విడగొట్టేదాన్నేమో. ఇది తనకు తానుగా కట్టుకున్నది. తక్కెడకు మట్టి మెత్తిన బుద్ధితోనే కట్టుకున్నది.

అయినా ఊరుకోలేదు నేను. “సరే, చేసి చూద్దాం. రేపు నేను మా దుకాణం నుంచి మంచి పెసలు తెస్తా. నీ చేత్తో పది పెట్టు, నా చేత్తో పది పెడతా. ఒకే పట్టాలో. నీవి మొలిస్తే తప్పు నీ చేతిది కాదని ఊరందరికీ చూపిస్తా” అన్నాను.

ఒక్క క్షణం ఆ పిల్ల మొహంలో పాత వెలుగు కనిపించింది. తరువాత తన చేతుల వంక చూసుకున్నది. కలుపు పసరుతో ఆకుపచ్చగా ఉన్నాయి.

“మొలువకుంటె?” అన్నది.

“మొలుస్తాయి. నేను చెప్తున్నా కదా.”

“మొలువకుంటె నన్ను కూలికి గూడ ఎవ్వలు పిలువరు టీచర్. ఇప్పుడు కలుపుకైన పిలుస్తాన్నరు.”

పని ఆగిందని ఆసామి కేకేశాడు. ఆ పిల్ల వంగి మళ్ళీ కలుపులో పడింది. బస్సు కోసం నిలబడి నేను ఏడ్చాను, ఎవరి మీదో తెలియని కోపంతో ఏడ్చాను.

మరుసటి ఏడు మొలకల పాఠాన్ని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. విత్తనం మొలకెత్తడానికి గాలి, నీరు, వెచ్చదనం కావాలి. పిల్లలు పలకల మీద రాసుకున్నారు. వరండా శుభ్రంగా ఉందని పెద్దసారు సంబరపడ్డాడు. దసరాకు పెట్టె దించినప్పుడు, ఆడపిల్లవు, నీ చేత్తో పెట్టమ్మా అని కుంకుమ భరిణె నాకిచ్చాడు. పెట్టాను.

ఆ పిల్లను మాత్రం ఆ ఏడు జూన్‌లోనే ఒకసారి చూశాను. మంచి వాన పడి ఊరంతా విత్తుతున్నారు. నాగలి వెనుక ఆడవాళ్ళు వరుసగా నడుస్తూ సాళ్ళలో గింజలు వేస్తున్నారు. ఆ వరుసలో వాళ్ళమ్మ ఉంది, ఆ పిల్ల వయసు పిల్లలు కూడా ఉన్నారు. తను ఒక్కతే గట్టు మీద, వాళ్ళ సద్దిమూటల దగ్గర కూర్చుని ఉంది. గింజల గంప పక్కనే ఉంది. ఎవరో ఒడిలో గింజలు అయిపోయాయని అరిచారు, గంప అందించమని తనను కాదు, వచ్చి తీసుకుపొమ్మని వేరే పిల్లను. నేను బాట మీద ఆగాను. ఆ పిల్ల నన్ను చూసి లేచి నిలబడింది. నవ్వింది కూడా. దండం పెట్టబోయి, పక్కన గింజల గంప ఉందని గుర్తొచ్చి, చేతులు రెండూ వెనక్కి దాచుకున్నది.